అంటార్కిటికా నీళ్లలో మందు వేట

అంటార్కిటికా తీరంలో సముద్రపు నీరు మైనస్ 1.8 డిగ్రీల దాకా చల్లబడుతుంది. ఉప్పు ఉండబట్టి అంతవరకూ గడ్డకట్టదు. ఆ చలిలో మన ఒంటి ఎంజైములు, అంటే కణాల్లో రసాయన పనులను నడిపే ప్రోటీన్లు, దాదాపు మొద్దుబారిపోతాయి. అక్కడి బ్యాక్టీరియా మాత్రం హాయిగా బతికేస్తుంది. చలికాలంలో కొబ్బరినూనె పేరుకుంటుంది, నువ్వులనూనె పేరుకోదు కదా. ఈ సూక్ష్మజీవుల కణపొరల్లో ఉండేవి ఎక్కువగా ఆ రెండో రకం కొవ్వులే. ఈ సర్దుబాటు మీద హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలో అంటార్కిటికా బ్యాక్టీరియాతోనే ఏళ్ల తరబడి పరిశోధనలు జరిగాయి.

వాటి ఎంజైములు కూడా కాస్త వదులుగా ఉంటాయి. అందుకే చలిలో చురుగ్గా పనిచేస్తాయి, వేడి తగిలితే చెడిపోతాయి. ల్యాబులకు ఈ బలహీనతే కలిసొచ్చింది. డీఎన్ఏ ముక్కలను అతికించే ముందు వాటి కొసల్లోని ఫాస్ఫేట్‌ను తీసేయడానికి ఫాస్ఫటేజ్ అనే ఎంజైము వాడతారు. పనవగానే అది ఆగాలి, లేకపోతే తర్వాతి దశ పాడవుతుంది. దూడ పేగు నుంచి తీసే ఫాస్ఫటేజ్ మొండిది, వేడిచేసినా ఓ పట్టాన లొంగదు. అంటార్కిటికా బ్యాక్టీరియాదైతే ట్యూబును 80 డిగ్రీల దగ్గర రెండు నిమిషాలు ఉంచితే చాలు.

మందుల సంగతి ఇంత తేలిక కాదు. అంటార్కిటికాలో అమెరికాకు చెందిన పరిశోధన కేంద్రం పామర్ స్టేషన్ దగ్గర డైవర్లు సముద్రపు అడుగు నుంచి ట్యూనికేట్ అనే జీవిని పైకి తెచ్చారు. రాళ్లకు అతుక్కుని, నీటిని వడగట్టి తిని బతికే మెత్తటి జీవి అది. అందులో దొరికిన పామెరోలైడ్-ఎ అనే పదార్థం మెలనోమా అనే చర్మ క్యాన్సర్ కణాలను అతి తక్కువ మోతాదులోనే చంపింది. కణం లోపల ఆమ్లాన్ని నింపే ఒక పంపును అది అడ్డుకుంటుంది. 2006లో దాని నిర్మాణాన్ని ప్రకటించారు. ఆ ప్రకారమే తయారుచేసి చూస్తే సహజమైన దానితో సరిపోలలేదు. 2007లో సరిచేశారు.

ఇలాంటి వార్త రాగానే ‘క్యాన్సర్‌కు మందు’ అని హెడ్డింగ్ పెట్టేస్తారు. గాజు పళ్లెంలో కణాలు చావడానికీ, రోగి కోలుకోవడానికీ మధ్య బోలెడు దూరం ఉంది. ముందు అసలు సరుకేదీ? అంటార్కిటికా జీవులను టన్నులకొద్దీ కోసుకురావడం కుదరదు, కుదరకూడదు కూడా.

ఇక్కడే సూక్ష్మజీవి మీద అనుమానం మొదలైంది: పామెరోలైడ్‌ను తయారుచేసేది ట్యూనికేట్ కాదు, అందులో ఉండే బ్యాక్టీరియానేమో అని. ఇలాంటి అణువులను చిన్న చిన్న ముక్కలు ఒక వరసలో అతికించి కడతాయి బ్యాక్టీరియా. కాబట్టి అణువు ఆకారాన్ని బట్టి ఆ వరసను, వరసను బట్టి దాన్ని నడిపే జన్యువులను ఊహించవచ్చు. ట్యూనికేట్‌లో ఉన్న బ్యాక్టీరియా డీఎన్ఏనంతా చదివి అలాంటి జన్యువుల కోసం గాలించారు. 2021లో దొంగ దొరికింది. సైనోయికోహాబిటన్స్ పామెరోలిడికస్ అని పేరు పెట్టారు. దాని జీనోమ్‌లో, అంటే మొత్తం డీఎన్ఏలో, పామెరోలైడ్ తయారుచేసే జన్యువుల గుంపు ఒకటి కాదు, చిన్న చిన్న తేడాలతో ఐదున్నాయి. ఒకే రకం పదార్థం కోసం అంత ఏర్పాటంటే, ఆ జీవికి దానితో గట్టి అవసరమే ఉండి ఉంటుందని నాకనిపిస్తుంది.

చిక్కేమిటంటే, దాన్ని కనిపెట్టింది డీఎన్ఏ ద్వారానే తప్ప ల్యాబులో పెంచి కాదు. అందుకని ఆ జన్యువులను సులువుగా పెరిగే మరో బ్యాక్టీరియాలోకి ఎక్కించి, పామెరోలైడ్‌ను దానితో చేయించాలన్నది ఆలోచన. గుంపు చాలా పెద్దది కాబట్టి అదీ అంత త్వరగా తెమిలే పని కాదు.