గాలిలో చక్రం, రాతి మీద చక్రం

“వానాకాలంలో పొలం దారిలో కారు చక్రం ఒక్కటి బురదలో దిగితే చాలు, అది గిర్రున తిరుగుతుంది తప్ప కారు అంగుళం కదలదు. అమెరికాలో బండరాళ్లు ఎక్కే బగ్గీలకు మాత్రం రెండు చక్రాలు గాలిలో వేలాడుతున్నా బండి పైకి పాకుతూనే ఉంటుంది. వాటి ఇంజిన్ అంత పెద్దదా?” అని ఒక పాఠకుడు అడిగారు. ఇంజిన్ పెద్దదే కావచ్చు, కానీ జవాబు అక్కడ లేదు. ఇరుసు నడుమ ఉబ్బెత్తుగా కనిపించే ఇనుప గుండులో ఉంది.

కాలిఫోర్నియాలో, మొజావీ ఎడారిలోని జాన్సన్ వ్యాలీ ఈ బగ్గీలకు పుణ్యక్షేత్రం. అక్కడ 2007 నుంచి ‘కింగ్ ఆఫ్ ద హ్యామర్స్’ పోటీ జరుగుతోంది. ఉక్కు గొట్టాలను వంచి, వెల్డింగు చేసి పంజరం కడతారు. దానికి బరువు ట్రక్కుల ఇరుసులు, మీటరు ఎత్తు టైర్లు బిగిస్తారు. పంజరం, స్ప్రింగులు, సీట్ల గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నాకు మాత్రం ఆ ఇనుప గుండులోని డిఫరెన్షియల్, అంటే ఇంజిన్ బలాన్ని రెండు చక్రాలకూ పంచే గేర్ల అమరిక, ఒక్కటే కావాలి.

“మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం తిరగాలి, లోపలిది తక్కువ తిరగాలి. అందుకే డిఫరెన్షియల్” అని పాఠాల్లో చెబుతారు. అక్కడితో ఆపేస్తారు. ఇంజనీరింగ్ చదివినవాళ్లలో కూడా చాలామందికి రెండో సగం తెలియకపోవడానికి ఈ బోధనే కారణమని నా గట్టి అభిప్రాయం. ఆ రెండో సగం ఇది: డిఫరెన్షియల్ రెండు చక్రాలకూ వేర్వేరు వేగాలను అనుమతిస్తుంది కానీ, తిప్పే బలాన్ని, అంటే టార్క్‌ను, ఎప్పుడూ సమానంగానే పంచుతుంది. “బలమంతా తేలికగా తిరిగే చక్రానికే పోతుంది” అనే మాట తప్పు. నిజానికి ఏ చక్రానికీ పెద్దగా బలం పోదు.

దీన్ని అర్థం చేసుకోవడానికి నాగలి కాడి కంటే మంచి పరికరం లేదు. కాడి సరిగ్గా నడుమ నాగలిని తాడుతో కట్టారు, రెండు చివర్లా రెండు ఎద్దులు ఉన్నాయి. ఎడమ ఎద్దు ఎంత లాగితే కుడి ఎద్దూ అంతే లాగగలదు. అంతకంటే ఎక్కువ లాగబోతే కాడి ఆ పక్కకు తిరిగిపోతుంది. ఎడమ ఎద్దు మెడ వదులు చేసి వెనక్కి జరుగుతూ పోయిందనుకోండి. కుడి ఎద్దు ఎంత బలమైనదైనా కాడిని తిప్పగలదే గాని నాగలిని లాగలేదు. డిఫరెన్షియల్ లోపలి స్టార్ గేరు అచ్చంగా ఇలాంటి కాడే. దాని ఒక పన్ను కుడి షాఫ్టు గేరును నెడుతుంది, ఎదుటి పన్ను ఎడమ షాఫ్టు గేరును నెడుతుంది, నడుమ బరువు మోసే పిన్ను ఉంటుంది. మామూలు కాడి కొంత తిరిగాక ఆగాలి. ఇక్కడ ఒక పంటి జత పక్కకు జరగగానే తర్వాతి జత అందుకుంటుంది. ఎంత తిరిగినా చివర రాని కాడి అది! బురదలో చక్రం యాభై న్యూటన్ మీటర్ల టార్క్‌కే జారితే, గట్టి నేల మీది చక్రానికీ దక్కేది ఆ యాభయ్యే.

ఇంకొంచెం ముందుకు వెళదాం. ఒక ఎద్దు బలహీనమైతే తాడును నడుమ నుంచి బలమైన ఎద్దు వైపు జరపాలి. బలమైనదానికి మీట పొట్టిదై భారం పెరుగుతుంది, బలహీనమైనదానికి తగ్గుతుంది. కొన్ని నాలుగు చక్రాల బండ్లలో ముందు, వెనక ఇరుసుల మధ్య ఉండే డిఫరెన్షియల్‌లో గేర్ల వ్యాసాలను అసమానంగా చేసి, వెనక్కి ఎక్కువ బలం పంపేది ఈ లెక్కతోనే.

ఇప్పుడు కాడి అసలు తిరగకుండా నాగలి కొయ్యకు అడ్డంగా బిగించేయండి. ఇక ఒక ఎద్దు మానేసినా రెండోది లాగుతుంది. అదే లాకర్. ఏర్‌లాకర్‌లో చిన్న కంప్రెసర్ గాలి ఒక వలయాన్ని జరిపి షాఫ్టు గేరును స్టార్ గేర్లను మోసే పెట్టెకు బిగిస్తుంది. స్పూల్ అనే రకంలో స్టార్ గేర్లే ఉండవు, రెండు షాఫ్టులూ శాశ్వతంగా ఒకటే. చేతిలో డబ్బు లేనివాళ్లు స్టార్ గేర్లను వెల్డింగు చేసేస్తారు. ఇదేమీ మనకు కొత్త కాదు. వరి మడిలో దమ్ము చేసేటప్పుడు ఒక చక్రం జారగానే ట్రాక్టర్ డ్రైవరు తొక్కే లాక్ పెడల్ చేసేది ఈ పనే. మహీంద్రా థార్‌లో కొన్ని రకాలకు వెనక ఇరుసులో లాకింగ్ డిఫరెన్షియల్ ఉంటుంది.

అయితే బిగించిన కాడికి ఒక మూల్యం ఉంది. మొత్తం భారం ఒక్క పక్కకే రావచ్చు, ఆ పక్క విరగవచ్చు. బగ్గీని మెరుగుపరచడమనే పనంతా ఇక్కడే మొదలవుతుంది.

లెక్క చూడండి. ఇంజిన్ టార్క్ 300 న్యూటన్ మీటర్లు. దాన్ని ఆటోమేటిక్ గేర్‌బాక్సు మొదటి గేరు 2.48 రెట్లు, ముందు, వెనక ఇరుసులకు బలాన్ని పంపే ట్రాన్స్‌ఫర్ కేసు 4.3 రెట్లు, ఇరుసు గేర్లు 5.38 రెట్లు పెంచుతాయి. మూడూ గుణిస్తే 57. అంటే ఇరుసుల దగ్గర మొత్తం 17,000 న్యూటన్ మీటర్ల పైమాటే. ఇంజిన్ నిమిషానికి 800 చుట్లు తిరుగుతుంటే 40 అంగుళాల టైరు 14 చుట్లే తిరుగుతుంది. బండి గంటకు మూడు కిలోమీటర్లు కూడా పోదు, మనిషి నడక కంటే నెమ్మది. 1,800 కిలోల బండికి, ఘర్షణ గుణకం 1 అనుకున్నా, టైర్లు నేలకు అందించగలిగేది అందులో సగమే, సుమారు 9,000. కాబట్టి ఇంజిన్ ఇంకా పెద్దది చేసినా పట్టు పెరగదు. పట్టు పెరగాలంటే టైర్ల గాలి తీయాలి. ఎనిమిది పీఎస్‌ఐకి దించితే రబ్బరు మెత్తబడి రాతి అంచును కౌగిలించుకుంటుంది. టైరు రిమ్ము నుంచి ఊడిపోకుండా చుట్టూ బోల్టులతో ఒక వలయం బిగిస్తారు. ఘర్షణకు తాకే వైశాల్యంతో సంబంధం లేదని బడిలో నేర్పిన సూత్రం రబ్బరు దగ్గర నిలవదు.

ఇప్పుడు షాఫ్టు. మెలితిప్పును తట్టుకునే శక్తి వ్యాసం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. బరువు ట్రక్కుల్లో వాడే డానా 60 అనే రకం ఇరుసులో, చివర 30 పళ్లు చెక్కిన షాఫ్టు వ్యాసం 1.31 అంగుళాలు, 35 పళ్లది 1.5 అంగుళాలు. వ్యాసంలో తేడా ఏడో వంతు, బలంలో తేడా ఒకటిన్నర రెట్లు! చదరపు మిల్లీమీటరుకు 600 న్యూటన్ల కోత ప్రతిబలాన్ని (మెలితిప్పినప్పుడు లోహంలో పుట్టే ఒత్తిడిని) ఓర్చే ఉక్కు అనుకుంటే, సన్నది 4,350 న్యూటన్ మీటర్ల దగ్గర లొంగుతుంది, లావుది 6,500 దగ్గర. బండి బరువులో సగం ఒక్క చక్రం మీద పడి, అదే ఇరుసు మీది రెండో చక్రం గాలిలో తేలిపోయిందనుకోండి. 37 అంగుళాల టైరుతో ఆ చక్రం 4,150 అడుగుతుంది. సన్న షాఫ్టు బతికి బయటపడుతుంది. 40 అంగుళాల టైరు వేస్తే 4,480. షాఫ్టు పోయింది. టైరు మార్చినవాళ్లు షాఫ్టు మార్చక తప్పదన్న మాటకు మూలం ఈ చిన్న తేడాలోనే ఉంది.

ముందు ఇరుసు మరీ సుకుమారం. అక్కడ చక్రం పక్కకు తిరగాలి కాబట్టి షాఫ్టు మధ్యలో అడ్డకర్ర జాయింటు (యూనివర్సల్ జాయింటు) ఉంటుంది. అది వంగి తిరిగితే బయటి వేగం నిలకడగా ఉండదు. 40 డిగ్రీల వంపులో ప్రతి చుట్టుకూ రెండుసార్లు వేగం 0.77 రెట్లకు పడి, 1.31 రెట్లకు లేస్తుంది. టార్క్ దానికి తలకిందులుగా ఊగుతుంది. చక్రం పూర్తిగా తిప్పి, రాళ్ల మధ్య ఇరికించి, యాక్సిలరేటర్ తొక్కారో, జాయింటు చెవి తెగుతుంది. అందుకే వేగం ఊగని సీవీ జాయింట్లకు డబ్బు పోస్తారు.

చక్రం ఇరుక్కున్నప్పుడు మాత్రం ఘర్షణ హద్దు కూడా పనిచేయదు. ఆ 17,000 మొత్తం ఒక్క షాఫ్టు మీదికే రావచ్చు. దానికి తట్టుకునేలా అన్నీ లావు చేస్తే బరువు పెరిగి మళ్లీ అదే లెక్క మొదటికి వస్తుంది. కాబట్టి అనుభవమున్న వాళ్లు ఏది ముందు విరగాలో నిర్ణయించుకుంటారు. డిఫరెన్షియల్ పెట్టెను తిప్పే పెద్ద క్రౌన్ గేరు విరిగితే ఇరుసు మొత్తం విప్పాలి. లోపలి షాఫ్టు విరిగితే చక్రం, బ్రేకు, చక్రం పక్కకు తిరిగే కీలైన నకిల్ అన్నీ ఊడదీయాలి. చక్రం మధ్యలో ఉండి షాఫ్టును చక్రానికి కలిపే లాకింగ్ హబ్ విరిగితే బయటి నుంచే కొన్ని బోల్టులు విప్పి, సీటు వెనక పెట్టుకున్న కొత్తది బిగించి బయలుదేరవచ్చు. అందుకని షాఫ్టులు, జాయింట్లు మార్చినా హబ్‌ను కావాలనే వాటికంటే ఒక మెట్టు బలహీనంగా ఉంచుతారు.