“అమ్మ ఫోన్లో బాగానే మాట్లాడతాది మేడం” - డిమెన్షియా (మతిమరుపు జబ్బు) ఇళ్లలో అపోహలు, వాస్తవాలు

మొన్న శుక్రవారం ఓపీలో మళ్లీ అదే పంచాయితీ. బెంగళూరు నుంచి దిగిన పెద్దకొడుకు కుర్చీలో కూర్చున్నాడు. ఉరవకొండ దగ్గర పల్లెలో తల్లిని చూసుకుంటున్న చిన్నకోడలు గోడకానుకొని నిలబడింది. మధ్యలో అవ్వ, అందరినీ చూసి నవ్వుతోంది.

“అమ్మ ఫోన్లో చక్కగా మాట్లాడతాది మేడం. వాన పడిందా అంటాది, పిల్లోళ్ల చదువు అడుగుతాది. మీరేమో డిమెన్షియా అని రాసినారు. ఇంట్లో టయానికి అన్నం పెట్టడం లేదంట, అమ్మే చెప్పింది. ఆ నీరసానికే ఇట్లయిందేమో చూడండి.”

కోడలు నోరు మెదపలేదు. ఆమె ముంజేతి మీద గోళ్ల గీతలు మాత్రం నాకు కనబడుతున్నాయి.

అపోహ: మనిషి బాగానే ఉంది, చూసుకునేవాళ్లే సరిగా చూడటం లేదు.

నేను చూసిన ఇళ్లలో అన్నదమ్ముల మధ్య మాటలు పోయింది ఎక్కువగా దీని వల్లే. అందుకే ఈ ఒక్కదాని గురించి కాస్త పొడుగ్గా చెబుతా.

వాస్తవం: డిమెన్షియాలో ఎక్కువగా కనబడే రకం అల్జీమర్స్. అందులో సాధారణంగా ముందు దెబ్బతినేది మెదడులోని హిప్పోక్యాంపస్ అనే భాగం, దాని చుట్టుపక్కల భాగాలు. కొత్త సంగతి మనసులో నిలవాలంటే అవి పనిచేయాలి. అందుకే పొద్దున తిన్న సంగటి గుర్తుండదు, పెళ్లినాటి ముచ్చట గుర్తుంటుంది. పలకరింపు, మర్యాద, నవ్వు అరవై ఏళ్ల అలవాట్లు, అవి అంత తొందరగా పోవు. “తిన్నావామ్మా?” “తిన్నా నాయనా, నువ్వు తింటివా?” ఈ మాటల్లో జ్ఞాపకంతో పనేముంది? పైగా చుట్టాలొస్తే మనిషి ఉన్న శక్తంతా కూడగట్టుకొని మాట్లాడుతుంది. వాళ్లు బస్సెక్కాక ఆ అలుపు, చిరాకు ఇంట్లోవాళ్ల మీద తీరుతాయి.

కొడుకు ముందరే అవ్వకు మూడు మాటలు చెప్పా: ఆవు, చింతచెట్టు, రూపాయి. వెంటనే గడగడా అప్పజెప్పింది. “చూశారా” అన్నట్టు ఆయన నా వైపు చూశాడు. ఐదు నిమిషాలు శెనక్కాయల పంట గురించి మాట్లాడించి మళ్లీ అడిగా. “ఏం మాటలమ్మా? నువ్వేం చెప్పలేదే!” అంది. ఈ జబ్బు పరీక్షలో గడియారం బొమ్మ గీయమంటాం, చదువురాని అవ్వ చేత అది గీయించి లాభం లేదు, అందుకని సంగటి ఎట్ల చేస్తావో చెప్పమన్నా. “ఎసరు పెట్టాల... పిండి... ఎసరు పెట్టాల...” బియ్యం మాటే రాలేదు. అక్కడే ఆగిపోయి కోడలి మొహంలోకి చూసింది. యాభై ఏళ్లు ఆ ఇంటికి సంగటి కెలికిన చెయ్యి. కొడుకు తల దించుకున్నాడు.

ఇంకో మాట కూడా వస్తుంది చూడండి: “కోడలు నా పింఛను తినేసింది.” సచివాలయం వాళ్లిచ్చిన 4,000 రూపాయలు అవ్వే మడిచి వక్కాకు సంచిలోనో, బియ్యం డబ్బాలోనో దాస్తుంది. దాచిన సంగతి మరిచిపోతుంది. డబ్బు కనబడనప్పుడు మెదడు ఆ ఖాళీని దొంగతో పూరిస్తుంది. దొంగ ఎవరంటే ఎప్పుడూ పక్కనుండే మనిషే. ఇది కూడా జబ్బులో భాగం. నేను తీయలేదని వాదించొద్దు, ఒట్లు వేయొద్దు. “అయ్యో, రా వెతుకుదాం” అని కలిసి వెతకండి, దాచే చోట్లు రెండు మూడే ఉంటాయి. పింఛను అందిన రోజే అవ్వ చేతిలో నోట్లతో ఫోటో తీసి అన్నదమ్ములందరికీ పంపండి, ఎన్నో గొడవలు తప్పుతాయి.

ఆ కొడుకు మీద నాకు కోపం రాలేదు. అదే తప్పు నేనూ చేశా. కర్నూలులో హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు సెలవుకు ప్రొద్దుటూరు పోతే జేజి నా చెయ్యి పట్టుకొని “మూడు దినాలైంది బువ్వ తిని” అంది. వీధిలో నలుగురూ వింటుండగా చిన్నమ్మను కేకలేశా. ఆమె కిక్కురుమనకుండా వంటింట్లోకి పోయింది. బోర్లించిన జేజి కంచం నుంచి అప్పటికింకా నీళ్లు కారుతున్నాయి. ఆ రాత్రి రెండింటప్పుడు జేజి మూట కట్టుకొని “మా ఊరికి పోవాల, నాయన చూస్తాంటాడు” అని లేచింది. ఆ నాయన పోయి ఎన్నేళ్లయిందో! చిన్నమ్మ ఒక్కమాట ఎదురాడలేదు. చెప్పులేసుకొని, మూట తాను పట్టుకొని, వీధి చివరి వేపచెట్టు దాకా తీసుకుపోయి “బస్సు పొద్దున్నే అంట జేజీ” అని వెనక్కి తెచ్చింది. రోజూ ఇంతేనంట. డిమెన్షియా గురించి నాకు మొదటి పాఠం చెప్పింది పదో తరగతి తప్పిన మా చిన్నమ్మే. ఆమెకు తప్పయిందని చెప్పడానికి నాకు పదకొండేళ్లు పట్టింది.

కాబట్టి దూరాన ఉన్న కొడుకులూ కూతుళ్లూ, ఫోన్ చేసి తీర్పులు చెప్పొద్దు. వచ్చి మూడు రాత్రులు అమ్మ మంచం పక్కన పడుకోండి. చూసుకునే మనిషికి బీపీ చూపించండి, నిద్ర పడుతోందా అని అడగండి. ఆమెకు ఏడుపొస్తే, బతుకు మీద విరక్తి పుడితే మనసు బాధలకు సర్కారు పెట్టిన సహాయ నంబరు 14416 టెలీ మానస్‌కు ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. పెద్దవాళ్ల విషయాలకు 14567 సహాయ నంబరు ఉంది.

మిగతా అపోహలు గబగబా చెప్పేస్తా.

“వయసైతే మామూలే.” కాదు. పెద్దవాళ్లలో డిమెన్షియా మీద మన దేశంలో జరిగిన లాసీ-డాడ్ అనే సర్వే లెక్కన 60 దాటినవాళ్లలో డిమెన్షియా ఉన్నది 7.4 శాతం మందికి. అంటే నూటికి 92 మందికి పైగా లేదు. పైగా విటమిన్ బీ12 తగ్గినా, థైరాయిడ్ తేడా చేసినా, కిందపడి తలలో రక్తం గడ్డకట్టినా మతిమరుపు రావచ్చు. వాటికి వైద్యం ఉంది, పరీక్షలు చేయించండి.

“మాత్రలతో నయమైపోతుంది.” డొనెపెజిల్, మెమాంటిన్ కొందరికి కొంత కుదురు ఇస్తాయి, జబ్బును ఆపవు. ఆపుతామని డబ్బు గుంజేవాళ్ల దగ్గరికి పోవద్దు. వాట్సాప్‌లో తిరిగే కొబ్బరినూనె వైద్యం సంగతి నన్ను అడగొద్దు, ఓపిక లేదు.

“గాలి సోకింది.” తాయెత్తు కట్టించుకుంటే కట్టించుకోండి. పొగ పెట్టడం, కొట్టడం, మంచానికి కట్టేయడం మాత్రం వద్దు.

“జబ్బు ముదిరింది, ఇంకేం చేస్తాం.” నెలల తరబడి మెల్లగా ముదిరితే అది వేరు. రెండు రోజుల్లోనే మనిషి తారుమారైతే మూత్రంలో ఇన్ఫెక్షనో, మలబద్ధకమో, కొత్తగా వేసిన మాత్రో కారణం కావచ్చు. ఆ రోజే ఆసుపత్రికి తీసుకురండి.

ఆ శుక్రవారం కొడుకు తల్లిని బాత్రూంకు తీసుకుపోయాక చిన్నకోడలు ఖాళీ కుర్చీలో కూర్చుంది. “నేను ఒక దినం మా అమ్మోళ్ల ఊరికి పోయి రావచ్చునా మేడం?” అంది. చీటీలో మందుల పేర్ల కంటే పైన “చిన్నకోడలికి నెలకు 4 రోజులు సెలవు” అని రాసి, సంతకం పెట్టి, ముద్ర వేశా. కొడుకు తిరిగొచ్చి చదువుకున్నాడు. “ఎప్పట్నుంచి మేడం?” అన్నాడు.

శనివారం నుంచి అన్నా.