చెప్పకుండా ఆఫ్ అయితే బ్యాటరీ పోయినట్టేనా? లినక్స్ ల్యాప్‌టాప్ అపోహలు - వాస్తవాలు

హనుమకొండలో మాది చిన్న షాపు. పాత ల్యాప్‌టాప్‌లు బాగుచేస్తాం, విండోస్ బదులు లినక్స్ వేసి ఇస్తాం. ఈమధ్య డిగ్రీ, ఇంజినీరింగ్ పిల్లలు వీడియోలు చూసి పూర్తి డెస్క్‌టాప్ బదులు, విండోలు సర్దే చిన్న ప్రోగ్రామ్‌లు ఐత్రీయో డీడబ్ల్యూఎమ్మో వాళ్లే వేసుకుంటున్నారు. మంచి పనే. 4 జీబీ ర్యామ్ ఉన్న మిషన్ కూడా చకచకా నడుస్తుంది. నెల తిరక్కుండానే వాళ్లలో సగం మంది షాపు మెట్లెక్కి ఒకటే మాట అంటారు: "అన్నా, బ్యాటరీ ఖరాబైంది. చెప్పకుంట బంద్ అయితాంది. కొత్తది ఎంత పడ్తది?"

అపోహ: హెచ్చరిక లేకుండా ఆఫ్ అయిందంటే బ్యాటరీ పోయినట్టే

కాదు. నా దగ్గరికి వచ్చేవాటిలో చాలావరకు బ్యాటరీ బాగానే ఉంటుంది. ఛార్జ్ అయిపోతోందని చెప్పే ప్రోగ్రామే ఆ మిషన్‌లో ఉండదు.

విండోస్‌లో గానీ, గ్నోమ్, కేడీఈ లాంటి పూర్తి డెస్క్‌టాప్‌లలో గానీ వెనకాల ఒక ప్రోగ్రామ్ బ్యాటరీని కనిపెట్టుకుని ఉంటుంది. తగ్గగానే తెర మీద చెబుతుంది, మరీ అడుగంటితే మిషన్‌ను నిద్రపుచ్చుతుంది. ఐత్రీ విండో మేనేజర్ మాత్రమే. విండోలు సర్దడం వరకే దాని పని. బార్‌లో శాతం కనిపిస్తుంది కదా అంటారు. కనిపిస్తుంది, కానీ చదువుకుంటూ, రాసుకుంటూ ఆ మూల అంకెను ఎవరు చూస్తారు? ఫుల్ స్క్రీన్‌లో వీడియో పెడితే బారే ఉండదు. ఇంకొందరు "బ్యాటరీ లెక్కలు చూసే యూపవర్ ప్రోగ్రామ్ ఉంది, అదే చూసుకుంటుంది" అని ధీమాగా ఉంటారు. తెర మీద మెసేజ్ చూపించడం యూపవర్ పని కాదు. చివరి నిమిషంలో మిషన్‌ను నిద్రపుచ్చగలదు గానీ, అదీ నడుస్తూ ఉంటేనే. చాలా మినిమల్ సెటప్‌లలో దాన్ని లేపేవాళ్లే ఉండరు.

పోయిన ఏడాది పరకాల దిక్కు నుంచి ఒక అమ్మాయి వచ్చింది. పీహెచ్‌డీ చేస్తోంది. కొత్త బ్యాటరీ వేయించుకుని ఇరవై రోజులు కాలేదు, మళ్లీ అదే తీరు. రాస్తూ ఉండగానే తెర నల్లబడింది, రెండు గంటల రాత పోయింది. "ఇది గూడ డూప్లికేటేనా సార్? మా బాపు పత్తి అమ్మిన పైసలల్ల నుంచి ఇచ్చిండు" అంటూ కళ్లనీళ్లు పెట్టుకుంది.

మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టి, ఆమె ముందే టెర్మినల్ తెరిచాను. సిస్, క్లాస్, పవర్ సప్లై, బ్యాట్ 0: బ్యాటరీ వివరాలుండే ఫోల్డర్‌కు దారి ఇది. ఆ ఫోల్డర్‌లో రెండు ఫైళ్లు చదివాను. ఎనర్జీ ఫుల్ డిజైన్ అంటే కంపెనీ నుంచి వచ్చినప్పుడు పట్టాల్సిన ఛార్జ్: 47520000. ఎనర్జీ ఫుల్ అంటే ఇవాళ పడుతున్నది: 46090000. లెక్క మైక్రోవాట్ అవర్లలో. అంటే 97 శాతం. కొత్త బ్యాటరీకి ఏ రోగమూ లేదు. "పాతది ఉందా అమ్మా?" అంటే సంచిలోంచి తీసింది. పెట్టి చూస్తే 38490000. అది కూడా 81 శాతం పడుతోంది. ఇంకో రెండేళ్లు వాడుకోవాల్సిన బ్యాటరీ. మూడు వేల పైచిలుకు ఖర్చు అక్కర్లేకుండా అయిపోయింది. అమ్మినవాళ్లు ఆ రెండు ఫైళ్లు తెరిచి చూసినా సరిపోయేది. ఆ కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు.

అందుకే పర్సు తీయకముందు ఆ రెండు అంకెలు చూడండి. కొన్ని మిషన్లలో ఎనర్జీ బదులు ఛార్జ్ అన్న పేరుతో ఉంటాయి, పోల్చే తీరు అదే. ఇవాళ పడుతున్నది డిజైన్‌లో సగం కూడా లేకపోతే, లేదా 30 శాతం చూపిస్తూనే టక్కున ఆరిపోతుంటే, అప్పుడు బ్యాటరీదే తప్పు, మార్చండి. 70, 80 శాతం ఉండి, మెల్లగా సున్నాదాకా దిగి ఆరిపోతుంటే మీకు కావాల్సింది బ్యాటరీ కాదు. పది పన్నెండు లైన్ల షెల్ స్క్రిప్ట్, అంటే టెర్మినల్ ఆదేశాలు వరసగా రాసిన చిన్న ఫైల్.

ఆ స్క్రిప్ట్ చేసేది ఇంతే. నిమిషానికోసారి అదే ఫోల్డర్‌లో ఎంత శాతం ఉందో చెప్పే కెపాసిటీ, ఛార్జ్ ఎక్కుతోందో దిగుతోందో చెప్పే స్టేటస్ ఫైళ్లు చదువుతుంది. స్టేటస్ డిస్‌ఛార్జింగ్ అని ఉండి, 20కి దిగితే, తెర మీదకు మెసేజ్ పంపే నోటిఫై సెండ్ ఆదేశంతో ఒక మామూలు మెసేజ్. 10కి దిగితే క్రిటికల్ మెసేజ్. మెసేజ్‌లు చూపించే డన్‌స్ట్ ప్రోగ్రామ్‌లో మామూలుగా అది మనం తీసేదాకా తెర మీదే ఉంటుంది. 5కి దిగితే హైబర్నేట్, అంటే తెరిచి ఉన్నదంతా డిస్క్ మీద దాచి మిషన్ ఆగిపోవడం. ఏ మెట్టు దగ్గర చెప్పిందో ఒక చిన్న ఫైల్‌లో రాసిపెట్టుకోవాలి, ఛార్జర్ పెట్టగానే చెరిపేయాలి. లేదంటే నిమిషానికోసారి అదే మెసేజ్ వచ్చి విసుగు పుడుతుంది. విసుగు పుట్టినవాళ్లు స్క్రిప్ట్‌నే తీసేస్తారు, కథ మళ్లీ మొదటికొస్తుంది.

అపోహ: స్క్రిప్ట్ రాసి క్రాన్‌లో పెట్టినా మెసేజ్ రాలేదు, కాబట్టి లినక్స్‌లో ఇది కాదు

స్క్రిప్ట్ నడిచే ఉంటుంది. క్రాన్ అంటే టైముకు పనులు నడిపే ప్రోగ్రామ్, దానికి మీ తెర ఎక్కడుందో తెలియదు. ప్రోగ్రామ్‌లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే దారి డీ-బస్. మెసేజ్ వెళ్లాల్సిన దాని చిరునామా మీరు లాగిన్ అయిన సెషన్‌లో ఉంటుంది, క్రాన్ ఆ సెషన్ బయట పనిచేస్తుంది. మీ లాగిన్‌తోనే నడిచే సిస్టమ్‌డీ యూజర్ టైమర్ పెట్టండి. లేదా ఐత్రీ సెట్టింగుల ఫైల్ కాన్ఫిగ్‌లోనే స్క్రిప్ట్‌ను మొదలుపెట్టి, లోపల 60 సెకన్లు ఆగి మళ్లీ చదివే లూప్ రాయండి. డన్‌స్ట్ లాంటి నోటిఫికేషన్ డీమన్ (వెనకాల నడిచే ప్రోగ్రామ్) నడుస్తోందో లేదో కూడా చూసుకోండి, అది లేకపోతే మెసేజ్ చూపించేవాళ్లే లేరు.

పెట్టాక తప్పకుండా పరీక్షించండి. 20 బదులు 99 రాసి, ఛార్జర్ పీకి, కాసేపు చూడండి. మెసేజ్ వస్తేనే పని అయినట్టు.

అపోహ: నిమిషానికోసారి స్క్రిప్ట్ నడిస్తే అదే బ్యాటరీ తినేస్తుంది

రెండు చిన్న ఫైళ్లు చదవడం లెక్కలోకి రాదు. తెర వెలుతురు రెండు మెట్లు తగ్గించండి, తేడా అక్కడ కనిపిస్తుంది.

అపోహ: ఏదో ఒక్క బ్యాటరీని చదివితే చాలు

రెండు బ్యాటరీల థింక్‌ప్యాడ్‌లు మన దగ్గర సెకండ్ హ్యాండ్‌లో బాగా దొరుకుతాయి. నా దగ్గరా ఒకటుంది. ఒకసారి కాజీపేటలో రైలెక్కి మంచిర్యాల పోతున్నాను. ఒక కస్టమర్ డేటా సర్దుతూ కూర్చున్నాను. జమ్మికుంట దాటగానే తెర మీద ఎర్ర డబ్బా: 5 శాతం. గుండె గుభేల్‌మంది. పెట్టెలో ప్లగ్ లేదు. పని మధ్యలో ఆపేసి మూసేశాను. దిగాక చూస్తే లోపలి బ్యాటరీ నిండుగా ఉంది! ఇలాంటి మిషన్‌లలో ముందు బయటి బ్యాటరీ ఖాళీ అవుతుంది, తర్వాత లోపలిది అందుకుంటుంది. నా స్క్రిప్ట్ బయటిదాన్నే చూస్తోంది. రెండింటి ఎనర్జీ నౌ, అంటే ఇప్పుడు మిగిలిన ఛార్జ్, కలిపి, రెండింటి ఎనర్జీ ఫుల్ మొత్తంతో భాగించి శాతం కట్టాలి. కొన్ని మిషన్‌లలో ఒక్కటే బ్యాటరీ ఉన్నా దాని పేరు బ్యాట్ 1 అని ఉంటుంది. ముందు ఫోల్డర్ తెరిచి చూశాకే పేరు రాయండి.

అపోహ: 5 శాతంలో సస్పెండ్ చేస్తే తెల్లారేదాకా భద్రం

సస్పెండ్ అంటే నిద్రపుచ్చడమే, అందులో ర్యామ్‌కు కరెంటు ఖర్చవుతూనే ఉంటుంది. ఆ 5 శాతం రాత్రికే అయిపోవచ్చు, సేవ్ చేయనిది పోతుంది. అందుకే పైన హైబర్నేట్ అన్నాను. దానికి ర్యామ్‌కు సరిపడా స్వాప్, అంటే ర్యామ్‌లో ఉన్నది దాచడానికి డిస్క్ మీద కేటాయించిన చోటు, ఉండాలి.

అపోహ: నెలకోసారి సున్నాదాకా దింపాలి

ఇది పాత నికెల్ కాడ్మియం కాలం నాటి మాట. ఇప్పుడున్నవి లిథియం అయాన్. పూర్తిగా దింపితే వాటికి మేలు కన్నా అరుగుదలే ఎక్కువ.

అపోహ: రాత్రంతా ఛార్జింగ్‌లో ఉంటే పేలుతుంది

భయపడకండి, నిండగానే సర్క్యూట్ ఆపేస్తుంది. బ్యాటరీని అరగదీసేది వేడి, ఎప్పుడూ 100 దగ్గరే నిలబెట్టడం. మే నెల ఎండల్లో రేకుల గదిలో, పరుపు మీద పెట్టి ఛార్జ్ చేయకండి. మీ మిషన్ ఒప్పుకుంటే టీఎల్‌పీ అనే పవర్ సెట్టింగుల ప్రోగ్రామ్‌తో ఛార్జింగ్ 80 దగ్గర ఆపేలా పెట్టుకోండి. టచ్‌ప్యాడ్ పైకి లేచినా, కింది మూత ఉబ్బినా మాత్రం లోపల బ్యాటరీ ఉబ్బినట్టే, అది ఏ స్క్రిప్టూ చెప్పదు. ఛార్జర్ పీకి, మిషన్ ఆఫ్ చేసి, దాన్ని నొక్కకుండా, గుచ్చకుండా ఆ రోజే దగ్గర్లోని షాపుకు తీసుకెళ్లండి.