స్టార్ కోసం సాలరీ క్యాప్‌లో చోటు: అపోహలు – వాస్తవాలు

అపోహ: ఆటగాడి ఒప్పందం ముగిసిందంటే ఎన్‌బీఏ (అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్) జట్టుకు సాలరీ క్యాప్‌లో, అంటే జట్టు మొత్తం జీతాలపై లీగ్ పెట్టే పరిమితిలో, అంత డబ్బు మిగిలినట్టే.

వాస్తవం: మిగలదు. అతను మరో చోట సంతకం పెట్టేదాకా, లేదా అతన్ని తిరిగి తీసుకునే హక్కులను జట్టే వదులుకునేదాకా, అతని పేరున ‘క్యాప్ హోల్డ్’ అనే పద్దు లెక్కలో ఉంటుంది. చాలామందికి ఇది పాత జీతం కన్నా ఎక్కువే. తొలి ఒప్పందం పూర్తిచేసిన మంచి కుర్రాళ్లకు మాత్రం హోల్డ్ చిన్నది, రాబోయే జీతం పెద్దది. తెలివంతా ఇక్కడే చూపించాలి.

2024లో ఫిలడెల్ఫియా లెక్క చూడండి. క్యాప్ 14.06 కోట్ల డాలర్లు. జట్టు స్టార్ ఎంబీడ్ జీతం 5.14 కోట్లు, బయటి నుంచి తేవాల్సిన పాల్ జార్జ్‌కు 4.92 కోట్లు. తొలి ఒప్పందం పూర్తిచేసిన సొంత కుర్రాడు మ్యాక్సీకి ఇవ్వబోయేది 3.51 కోట్లు, అతని హోల్డ్ మాత్రం 1.30 కోట్లే. పన్నెండు మందికి తక్కువైతే ఒక్కో ఖాళీకి మరో 11.6 లక్షలు కలుపుతారు. తొమ్మిది ఖాళీలంటే 1.04 కోట్లు. మ్యాక్సీ సంతకం ముందు పెట్టించి ఉంటే మొత్తం 14.61 కోట్లయ్యేది, జార్జ్ పట్టేవాడే కాదు. హోల్డ్ మీదే ఆపితే 12.40 కోట్లు. అందుకే జార్జ్ ముందు, మ్యాక్సీ తర్వాత. లారీ బర్డ్ పేరుతో పిలిచే హక్కులుంటే సొంత ఆటగాడికి క్యాప్ దాటి కూడా ఇవ్వొచ్చు. తొందరపడి హక్కులు వదిలేస్తే ఆ దారి మూసుకుపోతుంది.

అపోహ: వేవ్ చేసేస్తే, అంటే ఆటగాణ్ని జట్టు నుంచి తీసేస్తే, అతని జీతం లెక్కలోంచి పోతుంది.

వాస్తవం: గ్యారంటీ లేని జీతమే పోతుంది. ఫిలడెల్ఫియా పాల్ రీడ్‌ను అలాగే వదిలింది. గ్యారంటీ ఉంటే ‘స్ట్రెచ్’ చేయాలి: మిగిలిన ఏళ్లను రెట్టింపు చేసి ఒకటి కలిపి, అన్నేళ్లకు పంచుతారు. 2025లో మిల్వాకీ మైల్స్ టర్నర్ కోసం లిల్లార్డ్‌ను ఇలాగే వదిలింది. రెండేళ్లకు ఉన్న సుమారు 11.3 కోట్లు ఐదేళ్లకు పరుచుకున్నాయి. అంటే 2029-30 దాకా, ఆడని మనిషికి ఏటా సుమారు 2.25 కోట్లు. ఇలా స్ట్రెచ్ చేసిన మొత్తం ఏ సీజన్‌లోనూ క్యాప్‌లో 15 శాతం మించకూడదు. మిల్వాకీ ఆ గీతకు ఆనుకునే ఉంది. మా దృష్టిలో ఇది ఆఖరి అస్త్రం, మొదటిది కాదు.

అపోహ: అక్కర్లేని ఒప్పందాన్ని ఎవరో ఒకరు తీసుకుంటారు.

వాస్తవం: తీసుకుంటారు, కూలి అడిగి. 2013లో ఇగొడాలా కోసం గోల్డెన్ స్టేట్ మూడు ఒప్పందాలను యూటాకు దాటించడానికి రెండు ఫస్ట్ రౌండ్ పిక్‌లు (కొత్త ఆటగాళ్లను మొదటి విడతలో ఎంచుకునే అవకాశాలు) ఇచ్చింది.

అపోహ: చోటు దొరికితే స్టార్ వచ్చినట్టే.

వాస్తవం: 2019లో లేకర్స్ ముగ్గురు కుర్రాళ్లను వాషింగ్టన్‌కు పంపింది. ట్రేడ్‌లో వాళ్ల దగ్గరికి వస్తున్న ఆంథనీ డేవిస్, జట్టు మారినందుకు తనకు రావాల్సిన 40 లక్షల ట్రేడ్ బోనస్ వదులుకున్నాడు. అలా సుమారు 3.2 కోట్లు కూడగట్టి ఎదురుచూస్తే కవాయ్ లెనార్డ్ క్లిప్పర్స్‌కు వెళ్లాడు. ఆ గంటల్లోనే అదే డబ్బును డానీ గ్రీన్ లాంటి వాళ్లకు పంచేశారు. అలాంటి రెండో జాబితా జూన్‌లోనే సిద్ధంగా ఉండాలి.