మనుషులు దొరకట్లేదా? క్లీనింగ్ వ్యాపారంలో అపోహలు, వాస్తవాలు

మాదాపూర్ ఆఫీసుల్లో ఎనిమిదేళ్లు హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్‌గా చేశాను. 2020లో అందరూ ఇంటి నుంచే పని అనేసరికి మా కాంట్రాక్టు ఆగిపోయింది. నాతోపాటు పని పోయిన ఇద్దరు ఆడవాళ్లనీ, ఒక సెకండ్‌హ్యాండ్ వాక్యూమ్ మెషీన్‌నీ పెట్టుకుని కూకట్‌పల్లిలో ఇళ్లు శుభ్రం చేసే పని మొదలుపెట్టాను. ఇప్పుడు నేను కాక పన్నెండు మంది, మూడు టీములు. తరచూ ఎవరో ఒకరు ఫోన్ చేసి "అక్కా, నేనూ ఇదే పెడదామనుకుంటున్నా, ఎట్లా ఉంటది?" అని అడుగుతుంటారు. అడిగేవాళ్లు కొన్ని నమ్మకాలతోనే వస్తారు. అందులో సగం ఒకప్పుడు నాకూ ఉండేవి.

అపోహ: చీపురు, బకెట్ ఉంటే చాలు, ఎవరైనా చేసే పని

మొదటి ఏడాది నిజాంపేటలో ఒక కొత్త ఇల్లు ఒప్పుకున్నాం. గృహప్రవేశం ఇంకా రెండు రోజులుంది. వరండా అంతా తాండూరు బండలు, వాటి మీద సిమెంటు మరకలు. ఆ రోజు మనిషి తక్కువై లేబర్ అడ్డా నుంచి ఒక కుర్రాణ్ని తెచ్చుకున్నాను. వాడు బాత్రూమ్ యాసిడ్ సీసా తెచ్చి బండల మీద పోసేశాడు. బుస్సుమని నురగ లేచింది. "చూడక్కా, మరక ఎట్ల పోతుందో" అని వాడు సంబరపడ్డాడు. నిజం చెప్పాలంటే నేనూ సంబరపడ్డాను. కడిగి ఆరాక చూస్తే యాసిడ్ పారిన దారి పొడవునా తెల్లటి మచ్చలు, చేత్తో తడిమితే గరుకు. తాండూరు బండ, బేతంచెర్ల బండ, మార్బుల్ అన్నీ సున్నం ఉన్న రాళ్లే. యాసిడ్ పడితే మురికితో పాటు రాయి కూడా కరుగుతుంది. పాలిష్ పట్టేవాళ్లకి 9,000 కట్టాం. ఆ ఇంటికి మేం మాట్లాడుకున్నది 6,000.

ఇప్పుడు ఏ రాయో తెలియకపోతే ముందు ఒక మూల, ఎవరికీ కనిపించని చోట, నిమ్మరసం ఒక చుక్క వేసి రెండు నిమిషాలు ఆగుతాం. తుడిచాక మెరుపు తగ్గితే ఆ ఇంట్లో నేల మీదకి యాసిడ్ రాదు. నిమ్మ ఉప్పు కూడా రాదు. అదే నిమ్మ ఉప్పు బోరు నీళ్ల ఇళ్లలో కుళాయిలకి పట్టే తెల్లటి గారకి బాగా పనిచేస్తుంది. నీళ్లలో కలిపి గుడ్డ తడిపి కుళాయికి పది నిమిషాలు చుట్టి ఉంచితే చాలు, స్టీలు పీచుతో గీకి పైన ఉన్న కోటింగ్ లేపేయనక్కర్లేదు. ఒకే సీసా ఒక చోట మందు, ఇంకో చోట విషం. ఇది తెలియడానికి నాకే ఏడాది పట్టింది. అందుకే కొత్తవాళ్లు 15 రోజులు సీనియర్ పక్కనే ఉంటారు, మొదటి వారం వాళ్ల చేతికి కెమికల్ ఇవ్వం.

అపోహ: ఘాటు వాసన వస్తేనే శుభ్రం

కొందరు మేడమ్‌లకి ఫినాయిల్ వాసన రాకపోతే పని చేసినట్టే అనిపించదు. సరే, చివర్లో కాస్త వేస్తాం, వాళ్ల తృప్తి వాళ్లది. కానీ టాయిలెట్‌లో యాసిడ్ క్లీనర్ వేసి, దాని మీదే బ్లీచింగ్ పౌడర్ చల్లేవాళ్లని చూస్తే భయమేస్తుంది. ఆ రెండూ కలిస్తే వచ్చేది క్లోరిన్ గ్యాస్. కిటికీ లేని బాత్రూమ్‌లో ఊపిరి ఆడదు. మా బకెట్లలో ఈ రెండూ ఎప్పుడూ కలిసి ప్రయాణం చేయవు. గుడ్డలకీ రంగులున్నాయి. ఎరుపు టాయిలెట్‌కి, ఆకుపచ్చ వంటింటికి, నీలం మిగతా ఇంటికి. చదువు రానివాళ్లకి కూడా రంగు చెబితే చాలు.

అపోహ: నమ్మకమైన మనుషులు దొరకరు

అందరూ అడిగే ప్రశ్న ఇదే. నేనూ మూడేళ్లు ఇదే పాట పాడాను. వచ్చిన మనిషి నెల తిరక్కుండా మానేస్తే "ఈ కాలం మనుషులకి కష్టం అంటే భయం" అనుకునేదాన్ని. ఒకసారి ఊరికే కూర్చుని, మానేసిన వాళ్ల పేర్లు నోటు బుక్‌లో రాసి పక్కన కారణం రాశాను. తెలియనిచోట ఫోన్ చేసి అడిగాను. పని బరువని మానేసినవాళ్లు ఇద్దరే. మిగతా వాళ్లలో ఒకామెకి ఉప్పల్ నుంచి రెండు బస్సులు మారాలి. ఒకామె పాప మధ్యాహ్నం బడి నుంచి వచ్చేసరికి ఇంట్లో ఎవరూ ఉండరు. ఒకామె పనిచేసిన ఇంట్లో రోజంతా ఆమెని బాత్రూమ్ వాడుకోనివ్వలేదట. వాళ్ల బాత్రూమ్ కడిగింది ఆమే. నలుగురైదుగురు మాత్రం జీతం గురించే చెప్పారు. తక్కువని కాదు, 7న ఇస్తానని 15న ఇచ్చానని. ఇళ్లతో పాటు ఒప్పుకున్న ఆఫీసు కాంట్రాక్టుల డబ్బు నాకు అరవై రోజులకి వచ్చేది. ఆ ఆలస్యం నేను వాళ్ల మీదికి తోశాను. ఇంటి అద్దె, చిట్టీ వాయిదా అరవై రోజులు ఆగవు కదా.

ఆ తర్వాత ఒక నెల జీతాలకి సరిపడా డబ్బు వేరే ఖాతాలో పెట్టాకే కొత్త మనిషిని తీసుకోవడం మొదలుపెట్టాను. ఏం జరిగినా 5వ తారీఖు జీతం పడుతుంది. నా అనుభవంలో ఇంతకంటే మనిషిని నిలబెట్టింది ఇంకోటి లేదు. జీతం వెయ్యి పెంచినా ఇంత పని చేయలేదు.

మనిషిని తీసుకునేటప్పుడు అడిగేవి కూడా మారాయి. ఇంతకుముందు ఎక్కడ చేశావు అన్నది తర్వాత. ఇల్లెక్కడ, ఏ బస్సు ఎక్కుతావు, పిల్లల్ని ఎవరు చూస్తారు, సాయంత్రం ఎన్నింటికి ఇంట్లో ఉండాలి అన్నవి ముందు. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్లకి ఆర్టీసీ బస్సు ఉచితమయ్యాక చార్జీల బాధ తగ్గింది, జగద్గిరిగుట్ట, బోరబండ నుంచి వచ్చేవాళ్లు పెరిగారు. కానీ చార్జీ పోయినంత మాత్రాన దూరం పోదు. ఉదయం కిక్కిరిసిన బస్సులో గంటన్నర నిలబడి వచ్చిన మనిషి నిచ్చెన ఎక్కి ఫ్యాన్ తుడవాలంటే ఎట్లా? ఒకటే బస్సు, గంట లోపు. అంతకంటే దూరమైతే తీసుకోను.

ఇంకో మాట. ఉన్నవాళ్లు తెచ్చిన మనుషులే బాగా నిలుస్తారు, కానీ ఒకే ఇంటి వాళ్లని ఒకే టీములో వేయకండి. వదిన, తోడికోడలు, చిన్నమ్మ కూతురు కలిసి ఒక టీముగా పనిచేసేవాళ్లు. పాలమూరులో పెళ్లి వచ్చింది. టీము మొత్తం పెళ్లికి వెళ్లిపోయింది, నేను ఫోన్ పట్టుకుని మిగిలాను.

అపోహ: అడ్వాన్స్ ఇస్తే కట్టుబడి ఉంటారు

ఉండరు. అప్పు భయంతో ఇంకా త్వరగా పోతారు, ఫోన్ నంబరు కూడా మారుస్తారు. మొదటి మూడు నెలలు అడ్వాన్స్ లేదు. తర్వాత సగం జీతం దాకా, నాలుగు నెలల్లో కోత, ఇద్దరి సంతకాలతో పుస్తకంలో. జూన్‌లో బడి ఫీజులకి మాత్రం అడగకముందే ఇస్తాను.

అపోహ: ఇంట్లో వస్తువు పోతే పనివాళ్లే తీశారు

ఒక అపార్ట్‌మెంట్లో ఉంగరం కనబడలేదన్నారు. మా టీములో ఒక అక్క నాలుగేళ్లుగా నాతో పనిచేసేది, ఆ రోజు బెడ్‌రూమ్ ఆమెదే. మేడమ్ గట్టిగా అడుగుతుంటే నాకు టెన్షన్ వచ్చి, "అక్కా, ఒకసారి నీ బ్యాగ్ చూపించు" అన్నాను. ఆమె ఏమీ అనలేదు. బ్యాగ్ తిరగేసింది. టిఫిన్ బాక్స్, దువ్వెన, బీపీ మాత్రలు, కూతురి స్కూల్ ఫోటో హాలులో నేల మీద పడ్డాయి. ఉంగరం ఇప్పటికీ దొరకలేదు. దాని ఖరీదులో సగం నేనే కట్టాను. ఆ అక్క మర్నాటి నుంచి రాలేదు. ఇంటికి వెళ్తే టీ ఇచ్చింది, పనికి మాత్రం రానంది. ఆ రోజు నాకు పోయింది ఆమే.

ఇప్పుడు అందరి బ్యాగులూ, నాది కూడా, కింద వాచ్‌మన్ దగ్గరే. యాప్రాన్లకి జేబులు కుట్టించం. ఇంటివాళ్లు నగలు, డబ్బు తీసి బీరువాలో తాళం వేశాకే గదిలోకి వెళ్తాం, ముందు ఫోటోలు తీస్తాం, గదిలో ఒక్కరే ఎప్పుడూ ఉండరు. ఈ మాట ఫోన్లోనే చెబుతాను. "అంత నమ్మకం లేకపోతే ఎట్లా" అని కొందరు నవ్వుతారు. మరి పనిచేసేవాళ్లనీ కాపాడుకోవాలి కదా. ఆధార్ జిరాక్స్, పోలీస్ వెరిఫికేషన్ ఎలాగూ చేయిస్తాం. అవి చేయించినంత మాత్రాన ఇవన్నీ మానేయలేం.

అపోహ: రేటు తగ్గిస్తే పని పెరుగుతుంది

పెరుగుతుంది, నష్టం కూడా పెరుగుతుంది. త్రీ బీహెచ్‌కే డీప్ క్లీనింగ్‌కి నేను 7,500 చెబుతాను, జీఎస్టీ వేరే. "వేరేవాళ్లు 5,500కే చేస్తామన్నారు" అంటారు. నా లెక్క ఇదీ. నలుగురు, ఒక రోజు. నెల జీతం 16,000ని 26 రోజులకి భాగిస్తే మనిషికి 615 అనిపిస్తుంది. మోసపోయేది ఇక్కడే. నెలలో నిండుగా పని దొరికేది 18 రోజులే, జీతం మాత్రం నెలంతా ఇవ్వాలి. అంటే మనిషికి 889. నలుగురికి 3,556. కార్మికుల వైద్య బీమా ఈఎస్ఐకి నా వాటా 116. కెమికల్స్, గుడ్డలు, మెషీన్ ప్యాడ్‌లు 500. ట్రాలీ ఆటో రానూపోనూ 800. భోజనం, టీ 480. మెషీన్ రిపేర్‌కి పక్కన పెట్టేది 300. మొత్తం 5,752. నా జీతం, ఫోన్ బిల్లు, "కిటికీ మూల దుమ్ము ఉండిపోయింది" అని మళ్లీ పిలిస్తే పెట్టే ఖర్చు, అన్నీ మిగిలిన 1,748లో నుంచే. 5,500కి ఒప్పుకుంటే జేబులోంచి 252 ఎదురిచ్చి వాళ్ల ఇల్లు కడిగినట్టు.

మరి 5,500కి చేసేవాళ్లు ఎట్లా చేస్తున్నారు? ఇద్దరితో చేయిస్తారు, లేదా అడ్డా మనుషులతో. ఈఎస్ఐ ఉండదు. అది వాళ్ల ఇష్టం.

అపోహ: చిన్న వ్యాపారానికి చట్టాలు వర్తించవు

పది మంది ఉంటే ఈఎస్ఐ, ఇరవై మంది అయితే పీఎఫ్, ఏడాది రాబడి 20 లక్షలు దాటితే జీఎస్టీ. పది మందికి 16,000 చొప్పున ఏడాది జీతాలే 19 లక్షల 20 వేలు. అంటే ఈఎస్ఐ, జీఎస్టీ ఇంచుమించు కలిసే వస్తాయి, ముందే సిద్ధంగా ఉండండి. 16,000 జీతానికి ఈఎస్ఐ కింద నేను కట్టేది 3.25 శాతం, 520 రూపాయలు. వాళ్లకి కోసేది 0.75 శాతం, 120. మొదట్లో ఆ 120కి గొడవ పెట్టారు. ఒకామె భర్తకి సనత్‌నగర్ ఈఎస్ఐ ఆసుపత్రిలో ఆపరేషన్ అయ్యాక ఎవరూ అడగలేదు. వేరేచోట ఎక్కువ ఇస్తామన్నా "ఈఎస్ఐ ఉందా?" అని అడిగి వెనక్కొచ్చినవాళ్లు మా దగ్గర ఇద్దరున్నారు.

అపోహ: సంప్, సెప్టిక్ ట్యాంకు కూడా క్లీనింగే కదా

సెప్టిక్ ట్యాంకు మాది కాదు. రక్షణ పరికరాలు లేకుండా అందులోకి మనిషిని దింపడం 2013 చట్టం ప్రకారం నేరం. ఇలాంటి పనుల్లో ప్రాణం పోతే ఆ కుటుంబానికి 30 లక్షలివ్వాలని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో చెప్పింది. నీళ్ల సంప్ కూడా మూత తీసి చాలాసేపు గాలి ఆడనివ్వకుండా, మోటారు మెయిన్ ఆపకుండా దిగం. బాల్కనీ అంచు మీద నిలబడి బయటివైపు అద్దం తుడవడమూ అంతే, వద్దంటాం. పని పోతే పోయింది.

అపోహ: పండగలప్పుడు వ్యాపారం చేయలేం, అందరూ ఊరెళ్తారు

భోగికి ముందు వారం పని ఎక్కువ, మనుషులు తక్కువ. మొదటి రెండేళ్లు ఇదే ఏడుపు. తర్వాత గమనించాను. పాలమూరు వాళ్లకి పెద్ద పండగ దసరా, బతుకమ్మ. శ్రీకాకుళం వాళ్లకి సంక్రాంతి. టీముల్లో ఇద్దరూ ఉంటే ఒకరి పండక్కి ఇంకొకరు ఉంటారు. రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందు మొదలవుతుంది కాబట్టి, సంక్రాంతి సెలవుల చార్టు నవంబరు మొదటి వారంలోనే గోడకి అంటిస్తాను. పోయినసారి అంటించిన సాయంత్రమే మా శ్రీకాకుళం అక్క వచ్చి తన పేరు పక్కన తిరిగొచ్చే తారీఖు 17ని కొట్టేసి 20 రాసింది. "కనుమ నాడు ఎవరైనా బయల్దేరుతారా అమ్మా?" అంది. సరే, 20.