నీరు నడిచిన దారులు

జోర్డాన్‌లోని పెట్రా నగర శిథిలాలను చూడబోయేవారు ముందుగా సిక్ అనే సన్నని కొండసందులో దాదాపు 1.2 కిలోమీటర్లు నడుస్తారు. దాని చివర, గులాబీరంగు ఇసుకరాతి కొండలో సుమారు 40 మీటర్ల ఎత్తున తొలిచిన ఖజ్నా అనే కట్టడం ఒక్కసారిగా ఎదురయ్యేసరికి, వచ్చిన దారి సంగతి మరిచిపోతారు. నా దృష్టిలో అసలు అద్భుతం ఆ దారిలోనే ఉంది. సిక్ నది కోసిన లోయ కాదు; భూమి లోపలి కదలికలకు కొండ నిలువునా చీలితే ఏర్పడిన పగులు, ఆ తరువాత వరదలు దాని అంచులను నునుపు చేశాయి. ఒక గోడ వెంట రాతిలోనే చెక్కిన కాలువ వంపులు తిరుగుతూ సాగుతుంది, ఎదుటి గోడ వెంట మట్టిగొట్టాలు పరిచిన జాడ కనిపిస్తుంది. వాన అరుదైన ఆ ఎడారి అంచున, రెండు వేల ఏళ్ల కిందట ఈ నగరాన్ని కట్టుకున్న నబాతియన్లు ఊటనీటిని ఊళ్లోకి తెచ్చుకున్నది వీటి ద్వారానే.

అరుదుగా కురిసిన వానే అక్కడ ప్రాణాల మీదికి తెస్తుంది. అందుకే వారు సిక్ మొదట్లో ఆనకట్ట కట్టి, కొండలో సొరంగం తవ్వి, వరదను పక్కకు మళ్లించారు. ఆ ఏర్పాటు శిథిలమైపోయిన కాలంలో, 1963లో, హఠాత్తుగా వచ్చిన వరద సిక్‌లో 20 మందికి పైగా పర్యాటకులను బలిగొంది. ఆ తరువాత ఆనకట్టను మళ్లీ పాతచోటనే కట్టవలసి వచ్చింది.

పెరూలోని మచు పిచ్చులో చిక్కు ఇందుకు సరిగ్గా వ్యతిరేకం. సముద్రమట్టానికి సుమారు 2,430 మీటర్ల ఎత్తున, ఏటా రెండు మీటర్ల దాకా వాన పడే నిటారు కొండకొమ్ము మీద, 15వ శతాబ్దంలో, అప్పట్లో ఆ ప్రాంతాన్ని ఏలిన ఇంకాలు ఆ ఊరు కట్టారు. సున్నం లేకుండా అతికినట్టు పేర్చిన గోడలను అందరూ మెచ్చుకుంటారు గానీ, ఆ గోడలు జారిపోకుండా కాపాడింది మెట్లుమెట్లుగా మలచిన చేలు. తవ్విచూస్తే వాటిలో పైన సాగుమట్టి, దాని కింద ఇసుకా కంకరా, అడుగున పెద్ద రాళ్లు పొరలుగా బయటపడ్డాయి. పడిన వాన వాటి గుండా మెల్లగా ఇంకి, కొండను కోయకుండా దిగిపోతుంది. 1911లో అమెరికా అన్వేషకుడు హైరమ్ బింగమ్ మచు పిచ్చును ‘కనుగొన్నాడు’ అని రాస్తుంటారు. ఆయన వెళ్లేసరికి ఆ చేలలో రైతులు పంట పండించుకుంటూనే ఉన్నారు.

మనిషి చేయి పడని చోట నీటి పని ఎలా ఉంటుందో చూడాలంటే, అమెరికాలోని గ్రాండ్ క్యాన్యన్‌కు వెళ్లాలి. 446 కిలోమీటర్ల పొడవున, కొన్నిచోట్ల 1.6 కిలోమీటర్లకు మించిన లోతున కొలరాడో నది కోసిన ఈ లోయను చాలామంది గట్టు మీది నుంచి చూసి వెనుదిరుగుతారు. అడుగున, నదికి చేరువలో బ్లాక్‌టెయిల్ అనే చిన్న పక్కలోయ ఉంది. అక్కడి గోడలో చేతికందే ఎత్తున ఒక గీత కనిపిస్తుంది: కింద వేడికీ ఒత్తిడికీ రూపుమారిన షిస్టు అనే నల్లని రాయి, వయసు సుమారు 170 కోట్ల ఏళ్లు; పైన గోధుమరంగు ఇసుకరాయి, వయసు సుమారు 50 కోట్ల ఏళ్లు. ఆ గీత మీద అరచేయి ఆనిస్తే, దాని కింద 100 కోట్ల ఏళ్లకు పైబడిన చరిత్ర కనబడకుండా పోయినట్టే. ఆ వ్యవధిలో అక్కడ పర్వతాలు లేచాయి, వాననీటికి అరిగి చదునయ్యాయి, చివరికి సముద్రం వచ్చి వాటి మీద ఇసుక పరిచింది. పై పొర అడుగున, దగ్గరగా చూస్తే, ఇసుకలో ఇరుక్కున్న తెల్లని క్వార్ట్జ్ గులకరాళ్లు వేలికి తగులుతాయి.