ఏదొచ్చినా పట్టే చేతులు: మంత్రసాని వృత్తి గురించి అపోహలు, వాస్తవాలు

"మంత్రసాని పనికి ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాలి" అని మనకో సామెత ఉంది. ఇష్టంలేని పని నెత్తిన వేసుకున్నవాళ్లను వెక్కిరించడానికి వాడతారు. నేను నర్సింగులో చేరుతున్నానని తెలిసిన రోజు, గౌతమి ఏటిగట్టు కింద ఉన్న మా ఇంటి అరుగు మీద కూర్చుని, ఊరి పెద్దాయన ఒకరు మా నాన్నతో ఈ మాటే అన్నారు. నాన్న తల వంచుకున్నారు. అప్పటి నుంచి ఇరవై రెండేళ్లుగా కోనసీమలోని కాన్పు గదుల్లోనే పనిచేస్తున్నాను. మా పనిని ఇంత సూటిగా చెప్పిన మాట మరొకటి లేదని ఇప్పుడు అనిపిస్తుంది. తల రావచ్చు, కాలు రావచ్చు, బిడ్డకంటే ముందు బొడ్డుతాడు జారిపోవచ్చు, బిడ్డ వచ్చాక ఆగని రక్తం రావచ్చు. ఏదొచ్చినా పట్టేలా చేతులనూ బుద్ధినీ సిద్ధం చేయడమే ఈ చదువు.

ఇంటర్ ఫలితాలు వచ్చిన ప్రతిసారీ కొందరు అమ్మాయిలు, వాళ్ల తల్లులు నన్ను వెతుక్కుంటూ వస్తారు. వాళ్ల నోట పదేపదే విన్న మాటలకు ఇవి నా జవాబులు.

అపోహ: మంత్రసాని అంటే చదువులేని ముసలమ్మ చేసే పని.

నర్సింగ్ పూర్తిచేసి రాష్ట్ర నర్సింగ్ మండలిలో పేరు నమోదు చేసుకుంటే, ధ్రువపత్రంలో నర్సు అన్న మాట పక్కనే మిడ్‌వైఫ్, అంటే మంత్రసాని, అన్న మాట కూడా ఉంటుంది. ఏఎన్ఎం (ఆగ్జిలరీ నర్స్ మిడ్‌వైఫ్) రెండేళ్లు, జీఎన్ఎం (జనరల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ) మూడేళ్లు, బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు. ఏఎన్ఎం పేరులో మిడ్‌వైఫ్ ఉన్నా, ఇప్పుడు ఆమె రోజులో ఎక్కువ భాగం టీకాలకు, ఇంటింటి సందర్శనలకు, రికార్డులకే పోతుంది. కాన్పు గదిలోనే బతకాలనుకునేవారు జీఎన్ఎం గానీ బీఎస్సీ గానీ చదవడం మంచిది. ఆ పైన, కొంత అనుభవం వచ్చాక, పద్దెనిమిది నెలల ప్రత్యేక శిక్షణ ఉంది. దాన్ని పూర్తిచేసినవారిని నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ మిడ్‌వైఫరీ అంటారు. దీనికి కేంద్ర ప్రభుత్వం 2018 డిసెంబరులో మార్గదర్శకాలు ఇచ్చింది. తెలంగాణలో అంతకు ముందే, 2017లో, కరీంనగర్‌లో మొదటి బృందానికి శిక్షణ మొదలైంది.

పాత మంత్రసానులను తక్కువ చేసి మాట్లాడటం నాకు నచ్చదు. మా నాయనమ్మ కాన్పులన్నీ ఇంట్లోనే, ఒక మంత్రసాని చేతుల మీదే జరిగాయి. నొప్పులు మొదలయ్యాయని కబురందితే ఆమె వచ్చేది, బిడ్డ పడేదాకా కదిలేది కాదట. నడుము రాసేది, ఇంట్లో అటూ ఇటూ నడిపించేది, దూలానికి కట్టిన తాడు పట్టుకుని గొంతుకు కూర్చోమనేది. తల్లి తనకు అనువైన భంగిమలో కనాలని, నమ్మకమైన మనిషి ఒకరు పక్కన ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇప్పుడు చెబుతోంది. ఆ మంత్రసాని దగ్గర లేనివి శుభ్రమైన బ్లేడు, రక్తపోటు చూసే పరికరం, రక్తం ఆపే ఇంజక్షన్. అన్నిటికంటే ముఖ్యంగా, చేయి దాటిపోతే పంపడానికి ఒక చోటు లేదు. ఆ లోటుకు తల్లులు ప్రాణాలు ఇచ్చారు. పురుడును మైల అన్నారు. ఆ మైలను మోసే పని తక్కువగా చూసిన కులాల ఆడవాళ్ల మీద పెట్టారు. బిడ్డను పట్టిన ఆ చేతినే వంటింటి గుమ్మం దాటనివ్వలేదు. మా వృత్తి మీద ఈనాటికీ ఉన్న చిన్నచూపుకు వేరు అక్కడ ఉంది.

అపోహ: డాక్టరు చెప్పింది చేయడమే కదా, సొంత నిర్ణయం ఏముంటుంది?

ఈ ప్రశ్నకు కొంచెం ఎక్కువ చెప్పాలి.

తల్లి ఆరోగ్యంగా ఉండి, కాన్పు మామూలుగా సాగుతున్నప్పుడు మొదటి నుంచి చివరిదాకా ఆమె దగ్గర ఉండేది మేమే. వచ్చినవి అసలు నొప్పులా, దొంగ నొప్పులా? పది నిమిషాల్లో ఎన్ని నొప్పులు వస్తున్నాయి, ఒక్కొక్కటి ఎంతసేపు ఉంటోంది? బిడ్డ గుండె నిమిషానికి 110కీ 160కీ మధ్య కొట్టుకుంటోందా? నొప్పులు బాగా పట్టాక కనీసం అరగంటకోసారి, తల్లి ముక్కే దశలో ఐదు నిమిషాలకోసారి వినాలి. ఇవన్నీ చార్టు మీదకు ఎక్కుతుంటాయి. చార్టు దానంతట అది ఎవరినీ పిలవదు. గీత దారి తప్పుతోందని పసిగట్టి డాక్టరుకు ఫోను చేయాల్సింది పక్కనున్న మనిషే. పది నిమిషాలు ముందు చేసిన ఫోనుకూ, పది నిమిషాలు ఆలస్యమైన ఫోనుకూ ఉన్న తేడా నేను కళ్లారా చూశాను.

తొందరపడకుండా ఉండటం కూడా నిర్ణయమే. గర్భాశయ ముఖం గంటకో సెంటీమీటరు తెరుచుకోవాలని నేను చదువుకునే రోజుల్లో నేర్పారు. ఆ లెక్క తప్పితే వెంటనే సెలైన్‌లో నొప్పుల మందు ఎక్కించేవాళ్లం. ఐదు సెంటీమీటర్లు తెరుచుకునేదాకా చాలామందికి నెమ్మదిగానే సాగుతుందని, తల్లీబిడ్డా బాగున్నంతవరకు తొందరపెట్టవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో చెప్పింది. అంతకు ముందు మేము అనవసరంగా తొందరపెట్టిన తల్లులు ఎంతమందో అని తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

చేరిన కొత్తలో, ఒక చిన్న ఆసుపత్రిలో, మలిచూలు కాన్పు సులువుగా జరిగింది. మాయ (ప్లాసెంటా) పూర్తిగా వచ్చింది. బయట బంధువులు బరువెంత అని అడుగుతున్నారు. నేను బిడ్డను తుడుస్తూ మురిసిపోతున్నాను. మా హెడ్ సిస్టరు లోపలికి వచ్చి ఒకే ఒక్క మాట అడిగారు: "నీ చెయ్యి ఎక్కడుందమ్మా?" తల్లి పొట్ట మీద నా చెయ్యి లేదు. సిస్టరు చెయ్యి వేసి చూస్తే బొడ్డు కింద గర్భాశయం తడిపిన పిండిముద్దలా మెత్తగా ఉంది. దుప్పటి కింద రక్తం మడుగు కడుతోంది. ఆమె గట్టిగా మర్దన చేస్తూనే నాతో మందులు తెప్పించారు, మూత్రాశయం ఖాళీ చేయించారు, డాక్టరును పిలిపించారు. కాసేపటికి నా చేతిని తీసుకుని అక్కడ పెట్టి, "ఇప్పుడు చూడు, ఒలిచిన కొబ్బరికాయ తగలాలి. అది తగిలేదాకా నీకు వేరే పని లేదు" అన్నారు. నా దగ్గరికి వచ్చే ప్రతి విద్యార్థినికీ ఆ కొబ్బరికాయ పాఠమే మొదటి పాఠం.

అర లీటరు దాటిన రక్తస్రావాన్ని ప్రమాదంగా లెక్కించాలి. కంటి అంచనా దాదాపు ఎప్పుడూ తక్కువే చెబుతుంది. మన రాష్ట్రంలో గర్భిణుల్లో సగం మందికి పైగా రక్తహీనతతోనే కాన్పుకు వస్తారు కాబట్టి, వేరొకరు తట్టుకునే నష్టాన్ని వీళ్లు తట్టుకోలేరు. అందుకే బిడ్డ పుట్టిన నిమిషంలోపే తొడకు రక్తస్రావాన్ని ఆపే ఆక్సిటోసిన్ 10 యూనిట్లు ఇస్తాం. ఆ మందు చల్లగా, 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, లేకపోతే బలం పోతుంది. మే నెలలో కరెంటు పోయినప్పుడు నేను మొదట చూసేది ఫ్యాను కాదు, ఫ్రిజ్.

అపోహ: పెళ్లికాని పిల్లకు పురుడు సంగతి ఏం తెలుస్తుంది?

"నీకు పిల్లలున్నారా అమ్మా?" అని అత్తగార్లు నన్ను అడిగేవారు. నాకు పెళ్లి కాకముందే ఎంతోమంది బిడ్డలు నా చేతుల మీదుగా పుట్టారు. నొప్పి పడుతున్న తల్లికి మన అనుభవంతో పని లేదు. మన శ్రద్ధతో పని.

అపోహ: మిడ్‌వైఫ్ అంటే పెద్దాపరేషన్‌కు అడ్డుపడే మనిషి.

ఆపరేషన్ ప్రాణం పోసిన తల్లులను నేనే థియేటరు దాకా తీసుకెళ్లాను. మాయ అడ్డుగా ఉన్నా, బిడ్డ అడ్డంగా తిరిగి ఉన్నా, గుండె చప్పుడు పడిపోయి లేవకపోయినా కత్తి తప్ప వేరే దారి లేదు. నా బాధ వేరు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. ప్రైవేటు ఆసుపత్రుల్లో అది 63 శాతం. దేశం మొత్తం మీద 21.5 శాతం. మన ఆడవాళ్ల శరీరాలు మిగతా దేశపు ఆడవాళ్ల శరీరాలకంటే వేరుగా ఏమీ లేవు. భయం ఉంది, ఓపిక పట్టే తీరిక లేకపోవడం ఉంది, ముహూర్తం ఉంది. పురోహితుడు రాసిచ్చిన కాగితం పట్టుకుని, "ఉదయం ఎనిమిదీ పది లోపు తీయాలండి" అని అడిగే కుటుంబాలు ప్రతి నెలా వస్తాయి. నెలలు పూర్తిగా నిండకుండా తీసిన బిడ్డ ఊపిరికి కష్టపడుతుంటే, ఏ నక్షత్రమూ వచ్చి ఆదుకోవడం నేను చూడలేదు. నొప్పుల్లో తల్లి చెయ్యి వదలకుండా పక్కన ఒక మనిషి ఉంటే ఆపరేషన్లు తగ్గుతాయి. అందుకే మా సంఖ్య పెరగాలని కోరుతున్నాను.

అపోహ: వంతెనలు వచ్చాయి, 108 వస్తుంది, ఊళ్లో మంత్రసాని ఎందుకు?

ఈ మాట అనేవాళ్లు ఆగస్టులో లంకల్లో, అంటే గోదావరి మధ్య దీవుల్లో, ఉండి చూడాలి. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర గోదావరి వరద పది లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి హెచ్చరిక, పదమూడుకు రెండో హెచ్చరిక, పదిహేడుకు మూడో హెచ్చరిక. 2022 జులైలో వరద 25 లక్షలు దాటింది. కాజ్‌వేలు మునిగాయి, రేవు దాటించే పంట్లు ఆగాయి. నెలలు నిండిన లంక గ్రామాల గర్భిణులను ముందే గుర్తించి ఇవతలి ఆసుపత్రులకు తరలించడం అలాంటప్పుడు అసలైన పని. ఆ జాబితా ఆశా కార్యకర్త నోటు పుస్తకంలోనూ, ఏఎన్ఎం తలలోనూ ఉంటుంది. ఆ రోజుల్లో ఒక అమ్మాయి పడవలో వచ్చింది. తొలిచూలు, ఉమ్మనీరు పోయి ఎంతసేపయిందో ఎవరికీ తెలియదు, చీర నడుము దాకా తడిసి ఉంది. మెట్ల దగ్గరే బిడ్డ తల కనిపించింది. చేతి తొడుగులు, క్లిప్పులు, ఆక్సిటోసిన్ ఉన్న సంచి నా భుజానికే ఉంది. వరద రోజుల్లో ఆ సంచి దించను.

అపోహ: పసిపిల్లలను ఎత్తుకునే హాయైన ఉద్యోగం.

ఆ హాయి ఉంది. ఏడుపు వినిపించిన ఆ క్షణం పాతబడదు. అయితే ఏడవని బిడ్డలు కూడా పుడతారు. గుండె వినిపించలేదని తల్లికి ముందే తెలిసి, అయినా నొప్పులన్నీ పడాల్సి వచ్చే కాన్పులు ఉంటాయి. అప్పుడు ఆ గదిలోంచి అందరూ ఏదో ఒక వంకతో వెళ్లిపోతారు. మనం వెళ్లకూడదు. ఆ బిడ్డను కూడా తుడిచి, బట్టలో చుట్టి, చూస్తావా అమ్మా అని అడగాలి. ఇక రాత్రి డ్యూటీలు, కాళ్ల వాపులు, చిన్న ప్రైవేటు ఆసుపత్రుల్లో ఇచ్చే తక్కువ జీతాలు, ఏళ్ల తరబడి సాగే కాంట్రాక్టు ఉద్యోగాలు. ఇవన్నీ ఇంట్లో ముందే చెప్పి రండి.

అపోహ: ఈ పట్టా ఉంటే విదేశాల్లో మిడ్‌వైఫ్ అయిపోవచ్చు.

మన గోదావరి జిల్లాల ఇళ్లలో కువైట్‌కు వెళ్లిన మనిషి ఒకరైనా ఉంటారు కాబట్టి ఈ ప్రశ్న సహజం. నర్సుగా వెళ్లే దారులు ఉన్నాయి. కానీ బ్రిటన్ వంటి దేశాల్లో నర్సుగా నమోదు వేరు, మిడ్‌వైఫ్‌గా నమోదు వేరు. ఒకదానిలో చేరితే రెండోది దానంతట అది రాదు. ఆ పేరు చెప్పి డబ్బు అడిగే ఏజెంట్లను నమ్మకండి.

ఏ కాలేజీలో చేరాలని అడిగితే నేను చెప్పేది ఒకటే. భవనం, బస్సులు చూసి వచ్చేయకండి. సొంతంగానో, ఒప్పందం మీదో నిజంగా కాన్పులు జరిగే ఆసుపత్రి ఉందా అని చూడండి. చివరి ఏడాది విద్యార్థిని ఒకరిని పక్కకు పిలిచి, "నీ చేతుల మీద ఎన్ని కాన్పులు చేశావమ్మా?" అని అడగండి. కేసు పుస్తకం నింపాను అంటే ఆలోచించుకోండి. అంకె చెప్పి, మీరు అడగకుండానే మొదటి బిడ్డ ఎలా పుట్టిందో చెప్పడం మొదలుపెడితే, ఫీజు సంగతి మాట్లాడటానికి ఆఫీసులోకి వెళ్లండి.